మంటికుండలో దాచిన కాగితం (జనవరి నెల ఉత్తరం)

తల్లిదండ్రులందరికీ వందనాలు, నమస్కారాలు.

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలంతా వచ్చేశారు, సగం మంది లంచ్ బాక్సుల్లో ఇంకా అరిసెలు, జంతికలే కనిపిస్తున్నాయి. ముందు స్కూలు విషయాలు చెప్పేస్తాను. టెన్త్ వాళ్ళకి ప్రీ ఫైనల్స్ ఫిబ్రవరిలో ఉంటాయి, అప్పటిదాకా సాయంత్రం స్టడీ అవర్ ఆరింటి వరకు నడుస్తుంది, కాబట్టి ఏదో ఒకటి తినడానికి పెట్టి పంపండి, ఖాళీ కడుపుతో లెక్కలు ఎక్కవు. ఫీజు కట్టడానికి ఇబ్బందిగా ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా నేరుగా నా దగ్గరికే రండి, పిల్లల్ని మాత్రం స్కూలు మాన్పించొద్దు.

ఇప్పుడు అసలు విషయం. స్కూలు తెరిచిన మొదటిరోజు ప్రేయర్ అయ్యాక అయిదో క్లాసు పాప ఒకతి నా రూం గుమ్మం దగ్గర నిలబడింది (వాళ్ళమ్మగారిని అడిగే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను). చేతిలో రెండు వాగ్దానం కార్డులున్నాయి. చర్చికి వెళ్ళని పేరెంట్స్ కోసం చెప్తున్నా, మా చర్చిల్లో డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక ఒక ప్లేట్లో కార్డులు బోర్లించి పెడతారు, ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు, దానిమీద బైబిల్లోంచి ఒక మాట ఉంటుంది, ఆ ఏడాదంతా దాన్ని బైబిల్లోనో గోడకో పెట్టుకుని చదువుకుంటారు. పాప చేతిలో ఒకటి ఈ ఏడాదిది, కొత్తగా మెరుస్తోంది, ఇంకోటి పోయినేడాదిది, మూలలు నలిగిపోయి ఒకపక్క పసుపు మరక, వంటింట్లో పెట్టుకున్నారనుకుంటా. దానిమీద "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అని ఉంది, 121వ కీర్తనలో మాట. వాళ్ళ నాన్న కువైట్లో డ్రైవరు. రాకపోకలు అని వచ్చింది కాబట్టి నాన్న ఆ ఏడు వచ్చేస్తాడని ఇంట్లో అందరూ అనుకున్నారట, రాలేదు.

పాప అడిగింది ఇది: "మేడం, కొత్త కార్డు వచ్చేసింది కదా, మరి పాతది అయిపోయినట్టేనా? దేవుడు చెయ్యకుండానే అయిపోయిందా?"

ఇన్నేళ్ళ నుంచి పిల్లల మధ్యే ఉన్నా, నాకు వెంటనే మాట రాలేదు. చేస్తాడులే అమ్మా వెళ్ళి క్లాసులో కూర్చో అని పంపించెయ్యొచ్చు, చాలాసార్లు పెద్దవాళ్ళం అలాగే చేస్తాం, కానీ ఆ పాప అడిగింది ఊరికే అడిగిన ప్రశ్న కాదు, ఏడాదంతా రోజూ పొద్దున్నే ఆ కార్డు చదువుకున్న పిల్ల అడిగింది. అందుకే ఒక వారం టైం అడిగాను, ఆ తర్వాత శుక్రవారం చాపెల్లో పిల్లలందరికీ బైబిల్లోని యిర్మీయా ప్రవక్త పొలం కొన్న సంగతి చెప్పాను. మీకూ చెప్తాను, ఎందుకంటే ఇది మన ఇళ్ళల్లో ఎక్కువగా చదివే భాగం కాదు. అందరం యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలో సమాధానకరమైన ఉద్దేశాలు అన్న మాట దగ్గర ఆగిపోతాం, అదీ కార్డుల మీద బాగా వస్తుంది, కానీ దాని పైవచనంలోనే బబులోనులో 70 ఏళ్ళు గడవాలి అని ఉందని గమనించం.

32వ అధ్యాయంలో సంగతి ఇది. యెరూషలేముని బబులోను సైన్యం చుట్టుముట్టింది, గోడలకి ఆనించి మట్టి దిబ్బలు పోస్తున్నారు, ఊళ్ళో కరువు. యిర్మీయా ఏమో రాజుగారి చెరసాల ప్రాకారంలో ఖైదీ. అలాంటప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో నా పొలం కొనుక్కో అన్నాడు. అనాతోతు అంటే యెరూషలేముకి పైన నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని పల్లె, ఆ చుట్టుపక్కలంతా అప్పటికే శత్రువుల చేతిలో ఉంది. మనలో ఎవరైనా కొంటామా అండి? వివాదం ఉందంటేనే ఆ స్థలం వైపు చూడం, ఈసీ తీయించి, లాయర్‌కి చూపించి, అప్పుడు కూడా అడ్వాన్సు ఇవ్వడానికి పదిసార్లు ఆలోచిస్తాం. ఆయన మాత్రం దేవుడు కొనమన్నాడని 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు (ఆ కాలపు తులం అంటే షెకెలు, ఇప్పటి లెక్కలో మొత్తం ఒక 200 గ్రాములు అనుకోండి). సాక్షుల చేత సంతకాలు చేయించాడు. దస్తావేజులు రెండు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి ముద్ర లేకుండా ఎవరైనా చూసుకోవడానికి, రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి చాలా రోజులు ఉండేలా మంటికుండలో పెట్టమన్నాడు. కుండలో పెడితే నిజంగానే ఉంటాయి, 1947లో మృతసముద్రం పక్కన గుహల్లో దొరికిన చుట్టలు రెండు వేల ఏళ్ళు కుండల్లోనే ఉన్నాయి కదా.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాత జరిగినది. రిజిస్ట్రేషన్ అంతా అయిపోయాక ఆయన ప్రార్థనలో దేవుడినే అడుగుతాడు, ప్రభువా అవతల దిబ్బలు కనిపిస్తున్నాయి, పట్టణం పోతోంది, నువ్వేమో పొలం కొనుక్కోమన్నావు, అని. అంటే ప్రవక్తకి కూడా అర్థం కాలేదు, నమ్మి డబ్బు కట్టేశాడు, కట్టాక అడిగాడు. దేవుడు ఆయన్ని కోప్పడలేదు, నాకు అసాధ్యమైనది ఏదైనా ఉందా అని అడిగి, ఈ దేశంలో మళ్ళీ పొలాలు కొంటారు అని చెప్పాడు. నేను పాపకి ముందు చెప్పింది ఇదే, నువ్వు అడిగినందుకు దేవుడికి కోపం రాలేదమ్మా, యిర్మీయా గారే అడిగారు.

మరి ఆ పొలం ఏమైంది? యిర్మీయా అందులో ఒక గింజ కూడా నాటలేదు. పట్టణం కాలిపోయింది, జనాన్ని బబులోనుకి చెరపట్టుకుపోయారు, ఆయన్ని తన వాళ్ళే ఐగుప్తుకి (ఈజిప్టుకి) తీసుకెళ్ళిపోయారు. కానీ సుమారు 50 ఏళ్ళ తర్వాత పారసీక రాజు కోరెషు ఆజ్ఞ ఇచ్చి పంపించినప్పుడు తిరిగొచ్చిన వాళ్ళ లిస్టు ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది, చదవడానికి చప్పగా ఉంటుంది, అన్నీ పేర్లూ అంకెలూ. అందులో 23వ వచనం, అనాతోతు వాళ్ళు 128 మంది. నేను ఆ వచనం ఎన్నిసార్లు దాటేసి ఉంటానో, ఈసారి మాత్రం అక్కడ ఆగిపోయి ఏడ్చాను. దేవుడు ఊరి పేరుతో సహా లెక్క రాయించి పెట్టాడు.

మా అమ్మ సంగతి కూడా పిల్లలకి చెప్పాను. నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు అమ్మకి వచ్చిన వాగ్దానం "నిన్ను ఎన్నడును ఎడబాయను" అని, ఆ మార్చిలోనే నాన్న చనిపోయారు. బంధువులు కొందరు ఏ ముఖం పెట్టుకుని ఇంకా ఆ కార్డు గోడకి ఉంచావు అన్నారు. అమ్మ తియ్యలేదు. రాత్రిళ్ళు మిషన్ మీద జాకెట్లు కుట్టేది, కార్డు సరిగ్గా మిషన్ ఎదురుగా ఉండేది. మీ నాన్నని తీసుకోను అని ఆయన చెప్పలేదు, మనల్ని వదలను అని చెప్పాడు, వదిలాడేమో నువ్వే చూడు, అనేది. అప్పుడు నాకు ఆ మాట మీద కోపం వచ్చేది, నిజం చెప్తున్నా. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని ఇది రాస్తుంటే ఆ మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

అందుకే పాపతో రెండో మాట, ఆ కార్డు మీద తేదీ మనం రాసుకున్నాం తల్లీ, ఆయన రాసింది కాపాడతానని. మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశారా అంటే చేశారు అంది. బాగున్నారా అంటే బాగున్నారు, సన్నబడ్డారు అంది. అంతే, అక్కడితో ఆపాను, ఆ పిల్ల ఎదురుచూపు చిన్నది చెయ్యడం నాకిష్టం లేదు. దేవుని వాగ్దానాలు ఎన్ని ఉన్నా అన్నీ క్రీస్తులో అవునన్నట్టే ఉన్నాయి అని పౌలు గారు కొరింథీయులకి రాసింది నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, యేసు సమాధి దగ్గర కూడా మాట తప్పని దేవుడు కువైట్లో తప్పడు.

డిసెంబర్లో హైస్కూల్ పిల్లల్ని ఒంగోలు తీసుకెళ్ళాం కదా, అక్కడ ప్రేయర్ మీటింగ్ హిల్ ఎక్కించాం. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఆ కొండమీద ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అప్పటికి అమెరికాలో వాళ్ళ మిషన్ వాళ్ళే ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. వాళ్ళడిగిన సేవకుడు, మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో, అంటే 12 ఏళ్ళకి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన తొమ్మిదో క్లాసు అబ్బాయి కొండమీద గాలికి నిలబడి, మేడం అయిదుగురేనా, అని రెండుసార్లు అడిగాడు.

ఇక మీకు నా మనవి, ఏ మతం వాళ్ళైనా సరే. దయచేసి పిల్లలకి ప్రార్థన చేస్తే 550 దాటతాయి అని చెప్పకండి, మార్కులు రాకపోతే ఆ పిల్ల దేవుణ్ణే అనుమానిస్తుంది, పాపం ఆయన ఎక్కడా ఆ మాట ఇవ్వలేదు. ఇంకోటి, మీరిచ్చిన మాట నిలబెట్టుకోండి. ఆదివారం తీసుకెళ్తా అంటే తీసుకెళ్ళండి, కుదరకపోతే కుదరలేదని ముఖం చూసి చెప్పండి. తండ్రి అనే మాటకి పిల్లలు అర్థం ముందు ఇంట్లోనే నేర్చుకుంటారు, ఆ తర్వాతే పరలోకమందున్న మా తండ్రీ అంటారు.

చాపెల్ అయ్యాక అయిదో క్లాసు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఒక కుండ తెచ్చారు, కుమ్మరి వీధిలో కొన్నారట. దేవుడి దగ్గర దేనికోసం ఎదురుచూస్తున్నారో చీటీల మీద రాసి అందులో వేశారు, నేను ఒక్కటీ చదవలేదు. పైన గుడ్డ కట్టి నా రూంలో బీరువా పక్కన పెట్టాం. పాప తన పాత కార్డు, పసుపు మరకతో ఉన్నది, అందులో వేస్తానంది, మళ్ళీ వద్దు మేడం నాన్న వచ్చాక వేస్తా అని బ్యాగులో పెట్టుకుంది. ఫిబ్రవరి రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మీరూ చీటీ వెయ్యొచ్చు, కుండలో ఇంకా చోటుంది.

మీ హెడ్‌మిస్ట్రెస్