ముందు సీసాలు, తర్వాత బకెట్లు

సంపాదకులకు,

సముద్రంలో చమురు ఒలికిన ప్రతిసారీ పత్రికల్లో ఒకే లెక్క కనబడుతుంది: ఇవాళ ఇన్ని టన్నుల తెట్టు ఎత్తేశారు. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం నౌకలు ఢీకొన్నప్పుడూ అదే చూశాం. ఆ అంకె నుంచి నష్టం సంగతి తెలియదు సరే, ఒలికిన చమురెంతో కూడా తేలదు. ఫర్నేస్ ఆయిల్ (ఓడలు ఇంధనంగా వాడే చిక్కటి నూనె) అలల్లో చిలికినట్టయి నీళ్లు పట్టి గుజ్జుగా మారుతుంది. అందులో 70, 80 శాతం దాకా నీరే ఉండొచ్చు. పారతో ఎత్తితే ఇసుకా కలుస్తుంది. వంద టన్నులు ఎత్తామన్నచోట చమురు పాతిక టన్నులే ఉండొచ్చు.

నష్టం లెక్క కట్టాలంటే మొదటి నమూనా చమురు ఇంకా తగలని ఒడ్డున తీయాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ కీలకం అదే. తెట్టు ఎటు కొట్టుకుపోతుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, అంచనా ఇస్తుంది. ఆ అంచనా పట్టుకుని తెట్టు కంటే ముందు ఒడ్డుకు చేరి ఇసుక, నీరు, గుల్లలు తీసి పెట్టుకోవాలి. ఈ 'ముందు' నమూనా లేకపోతే, ఆ విషం ఎప్పటినుంచో ఇక్కడే ఉందని ప్రతివాది వకీలు వాదిస్తాడు. ఎన్నూరు క్రీక్ (సముద్రంలో కలిసే పాయ) లాంటిచోట ఆ వాదన చెల్లుబాటయ్యే ప్రమాదమూ ఉంది. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను చెన్నైని ముంచిన 2023 డిసెంబరులో, మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి వరదతోపాటు చమురు ఆ క్రీక్‌లోకే దిగింది. దశాబ్దాల వ్యర్థాలు పేరుకున్న బురదలో పాత మురికేదో కొత్తదేదో విడదీయాలి.

విడదీసే మార్గం ఉంది. చమురులో హోపేన్ల వంటి పదార్థాలు ఎండకీ సూక్ష్మజీవులకీ తొందరగా లొంగవు. వాటి నిష్పత్తులు ఒక్కో చమురుకు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి పదార్థాల్ని విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ యంత్రంలో వేలిముద్రలా పోల్చవచ్చు. అయితే పోల్చడానికి ఓడ ట్యాంకు నుంచో కర్మాగారం నుంచో తీసిన అసలు నమూనా చేతిలో ఉండాలి. ఓడ రేవు వదిలితే దాన్ని సంపాదించడం గగనం.

నమూనాలు పాడయ్యేది ఎక్కువగా చిన్న తప్పులతోనే. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసా పనికిరాదు: చమురు గోడలకు అంటుకుంటుంది, ప్లాస్టిక్‌లోని రసాయనాలు నీటిలో దిగుతాయి. ముదురు గోధుమరంగు గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత కావాలి. మూత తెరిచి తెట్టులోంచి ముంచితే పైపొర లోపలికి జారి, నీటిలో కరిగిన చమురు ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకొస్తుంది. సీసాను నీటి లోపలే తెరిచి లోపలే మూయాలి. పడవ ఇంజిను ఆపేశాకే తీయాలి, లేకపోతే మన డీజిలే లెక్కలోకి వస్తుంది. నీటి సీసాలు ఐసులో 4 డిగ్రీల వద్ద, బురద మైనస్ 20 దగ్గర. చేపల్ని అల్యూమినియం రేకులో చుట్టాలి. సీసా మీద నంబరు, జీపీఎస్, సమయం, పోటా ఆటా అన్నది రాసి, సీలు వేసి పంచనామా చేయాలి. సంతకాల గొలుసు ఒక్కచోట తెగినా కోర్టులో ఆ సీసాకు విలువ లేదు.

ఒడ్డు శుభ్రంగా కనిపిస్తే మోసపోవద్దు. అలలు చమురు మీద కొత్త ఇసుక కప్పేస్తాయి. పోటు గీత నుంచి ఆటు గీత దాకా వరసగా అర మీటరు, మీటరు లోతున గుంతలు తవ్వి, నల్లపొర ఎంత లోతున ఎంత మందాన ఉందో కొలవాలి. చేపల్ని మాత్రమే పరీక్షించి 'సురక్షితం' అనడం ఇంకో పొరపాటు. చేప చమురులోని విషాల్ని తొందరగా విరిచి బయటికి పంపేస్తుంది. దాని పిత్తంలో ఆనవాళ్లు వెతకాలి. గుల్లలు, ఆల్చిప్పలైతే అట్టే పెట్టుకుంటాయి.

మడ అడవుల్లో మరీ జాగ్రత్త. చమురు శ్వాసవేర్ల రంధ్రాల్ని మూసేసినా చెట్టు నెలల తరబడి పచ్చగానే కనిపించి ఆ తర్వాత ఎండిపోవచ్చు. పదిరోజుల సర్వేతో తేలే విషయం కాదు. జనం బకెట్లతో దిగితే వాళ్ల కాళ్లే చమురును బురదలోకి తొక్కుతాయి.

చట్టం సంగతీ చెప్పాలి. చమురు ఒలికితే ఓడ యజమాని పరిహారం కట్టాలనే అంతర్జాతీయ ఒప్పందాలు రెండు: ట్యాంకర్ చమురుకు 1992 సీఎల్‌సీ, మిగతా ఓడల ఇంధనానికి బంకర్స్ ఒప్పందం. సీఎల్‌సీలో భారత్ ఉంది. వీటి కింద నష్టం జరిగిన మూడేళ్లలోపు, ఘటన జరిగిన ఆరేళ్లు దాటకుండా దావా వేయాలి. పర్యావరణ హాని కింద వచ్చేది, పునరుద్ధరణకు చేసిన లేదా చేయబోయే సహేతుకమైన పనుల ఖర్చే. కాగితం మీద సూత్రాలతో కట్టిన కోట్లకు అక్కడ విలువ లేదు. ఆదాయ నష్టం వేరే అడగొచ్చు, కానీ ఘటనకు ముందటి వేట లెక్క, వేలంపాట చీటీలు చూపాలి. పెద్ద బోట్లవాళ్లకు బిల్లులుంటాయి. చిన్న పడవ, తెప్ప మీద వెళ్లేవాళ్లకు చాలాసార్లు ఏమీ ఉండవు.

రిఫైనరీ ఉన్న విశాఖకూ, కోరంగి మడలు ఆనుకుని ఉన్న కాకినాడకూ ఇది పరాయి సమస్య కాదు. ఏటా రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, ఎంపిక చేసిన చోట్ల బురద, గుల్లలు తీసి 'ముందు' నమూనాలుగా ఫ్రీజర్‌లో దాచాలి. తీర మండలాల్లో కడిగి సిద్ధం చేసిన గాజు సీసాలు, రేకు చుట్ట, సీళ్లు, పంచనామా ఫారాలతో ఒక పెట్టె ఉంచి, దాన్ని ఎవరు తీసుకెళ్లాలో పేరు రాసి గోడకు అంటించాలి.

— ఒక పాఠకుడు, కాకినాడ