కొనే ముందు గచ్చు కింద చూడండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఇల్లు కొనే తెలుగువారి కోసం మీరు రుణాల గురించి, వాస్తు గురించి రాస్తున్నారు. దయచేసి మురుగు గొట్టాల గురించి కూడా రాయండి. చాలా ఇళ్లకు మొదటి సొమ్ము సర్దేది మన ఊళ్లలోని తల్లిదండ్రులే, ఈ మాట ముందు వాళ్ల చెవిన పడాలి.

మన ఊళ్లలో స్లాబు అంటే నెత్తిమీది కప్పు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల స్లాబు అంటే కాళ్ల కింది కాంక్రీటు. ఇల్లంతా దాని మీదే నిలుస్తుంది, మురుగు గొట్టాలు దాని అడుగున మట్టిలో ఉంటాయి. 1970ల మధ్య వరకు కట్టిన ఇళ్లలో అవి చాలావరకు పోత ఇనుపవే. పైగా ఇక్కడిది నల్లమట్టి. నేను గుంటూరు జిల్లా రేగడి నేలలో పెరిగాను. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే ఉబ్బడం చిన్నప్పటి నుంచి చూసినవే. అలాంటి మట్టి ఏటా గొట్టాలను ఎత్తి దించుతుంటే అతుకులు ఎన్నాళ్లు ఆగుతాయని నాకే తట్టలేదు.

రిచర్డ్‌సన్‌లో 1968 నాటి ఇల్లు కొన్నాం. తనిఖీకి వచ్చినాయన కుళాయిలు తిప్పి, సింకుల కింద చూసి, అన్నీ బాగున్నాయని నివేదిక ఇచ్చాడు. భూమిలో పూడ్చిన గొట్టాలు ఆ తనిఖీలోకి రావని అందులోనే ఉంది. మేమే చదవలేదు.

ఎనిమిది నెలలకు వెనక స్నానాలగదిలో మురుగు వాసన మొదలైంది. ప్లంబరు స్లాబు కిందికి సొరంగం తవ్వించి, మూరెడు గొట్టం కోసి వాకిట్లో పెట్టాడు. పైసగం కొడితే ఖంగుమంది. తిరగేస్తే అడుగే లేదు. పొడవునా తుప్పు తినేసింది, అంచులు వేలితో నొక్కితే పెచ్చులుగా రాలాయి. ఇన్నాళ్లూ మా మురుగు మా గచ్చు కిందికే పోయింది. 18 వేల డాలర్లు అయింది. పాతబడిన గొట్టానికి బీమా వర్తించదన్నారు. అమ్మ కౌలు డబ్బు కూడబెట్టి పంపిన సొమ్ము అందులోనే పోయింది.

టెక్సాస్‌లో కొద్ది రుసుము కట్టి, ఒప్పందంలో కొన్ని రోజుల గడువు రాయించుకోవచ్చు. ఆలోగా ఏ కారణంతోనైనా వెనక్కి తగ్గవచ్చు. ప్లంబరును పిలవాల్సింది అప్పుడే. గొట్టంలోకి కెమెరా పంపించండి. నీళ్ల పరీక్ష కూడా చేయించండి: బయటికి పోయే గొట్టంలో రబ్బరు బంతి పెట్టి గాలి నింపి బిగిస్తారు, గచ్చు మట్టం దాకా నీళ్లు పోసి, గుర్తు పెట్టి కాసేపు చూస్తారు. మట్టం దిగిందంటే కింద కారుతున్నట్టే. దీనికి అమ్మేవారి రాతపూర్వక అనుమతి కావాలి, అందుకు రాష్ట్రంలో ప్రత్యేక పత్రమే ఉంది. వాళ్లు ఒప్పుకోకపోతే, నేనైతే ఆ గడప తొక్కను.

మంచినీటి గొట్టాల సంగతి మీరే చూసుకోవచ్చు. కుళాయిలన్నీ కట్టేసి, బయట మీటరు మూత తీయండి. చాలా మీటర్లలో చిన్న ముక్కోణపు బిళ్ల ఉంటుంది. అది తిరుగుతుంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయి.

మా తమ్ముడు ఇప్పుడు ప్లేనోలో 1972 నాటి ఇల్లు చూస్తున్నాడు. ప్లంబరుకు నేనే ఫోను చేసి రోజు ఖాయం చేశాను.

— ఒక పాఠకుడు, రిచర్డ్‌సన్, టెక్సాస్