ఆ 8.8 శాతంలో ఇద్దరు జాన్సన్‌లు

సంపాదకులకు నమస్కారాలు.

మీ క్రీడల పేజీలో మేజర్ లీగ్ బేస్‌బాల్ గురించి వచ్చిన వ్యాసంలో, ఎడమచేతి పిచర్ (బంతి వేసేవాడు) రాండీ జాన్సన్ ఇచ్చిన వాక్‌ల శాతం లీగ్ సగటుకు దాదాపు సమానమని చూపి, అతనిది వేగమే తప్ప బంతి మీద అదుపు మామూలుదేనని తేల్చేశారు. అంకె సరైనదే, నా పేచీ దాని మీద ఇచ్చిన తీర్పుతో. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పి, ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు సియాటెల్ దగ్గర కూతురి ఇంట్లో ఉంటూ ఈ ఆట రుచి మరిగినవాణ్ణి కనుక చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఆట తెలియని పాఠకుల కోసం ఒక మాట. స్ట్రైక్ జోన్‌కు, అంటే బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య ఎత్తులో ఊహించుకునే చట్రానికి, బయటగా పోయిన బంతులను బ్యాటర్ ఆడకుండా వదిలేస్తే, అలాంటివి నాలుగు కాగానే అతనికి మొదటి బేస్, అంటే పరుగు దారిలో తొలి మజిలీ, ఊరికే దక్కుతుంది. అదే వాక్. మన వైడ్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ నాలుగో తప్పుదాకా శిక్ష పడదు.

జాన్సన్ 1988 నుంచి 2009 దాకా 17 వేలకు పైగా బ్యాటర్లకు బంతులు వేసి 1,497 వాక్‌లు ఇచ్చాడు. శాతం కడితే సుమారు 8.8. ఆ రెండు దశాబ్దాల్లో లీగ్ సగటు చాలావరకు ఎనిమిదికీ తొమ్మిదిన్నరకూ మధ్య తిరిగింది కనుక, మీ వ్యాసకర్తకు అతను సగటు మనిషిలా కనబడటంలో వింతేమీ లేదు. అయితే 1992 సీజన్ చివర ఒక గీత గీసి లెక్క మళ్లీ కట్టి చూడండి. గీతకు ముందు 818 ఇన్నింగ్స్‌లో 519 వాక్‌లు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు (ఈ ఆటలో ఒక పూర్తి మ్యాచ్‌కు) 5.7, గీత తర్వాత పదిహేడు సీజన్లలో, 3,317 ఇన్నింగ్స్‌కు 978, అంటే 2.65. లీగ్ మొత్తం మూడుకు పైనే ఉన్న కాలమది. మొదటివాడు లీగ్ కంటే బాగా అధ్వాన్నం, రెండోవాడు లీగ్ కంటే స్పష్టంగా మెరుగు. ఇద్దరినీ కలిపి రుబ్బితే వచ్చిన పిండి మీ 8.8 శాతం.

ఆ గీత నేను నా వీలు కోసం గీసింది కాదు. 1992లో టెక్సస్ జట్టు పిచర్ నోలన్ రయన్, ఆ జట్టు పిచింగ్ కోచ్ టామ్ హౌస్, ప్రత్యర్థి జట్టువాడని చూడకుండా జాన్సన్‌కు ఒక లోపం చెప్పారు: బంతి వదిలేటప్పుడు ముందుకు వేసే కుడికాలు మడమ మీద దిగుతోందని, దానివల్ల ఒళ్లు మూడో బేస్ వైపు తిరిగిపోతోందని, పాదం ముందు భాగం మీద దిగాలని. ఆరడుగుల పది అంగుళాల మనిషికి మడమ దగ్గర వచ్చిన చిన్న తేడా చేతి చివరికి చేరేసరికి ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. పాత ఆటల వీడియోలను మా మనవడు నెమ్మదిగా తిప్పి, కాలు నేలను తాకే చోట ఆపి చూపించేదాకా నాకూ ఇది పూర్తిగా బోధపడలేదు. ఆ సలహా ఇచ్చిన రయన్ స్వయంగా 2,795 వాక్‌లతో ఈ పద్దులో అందరికంటే పైన ఉన్నాడన్నది వేరే ముచ్చట.

తర్వాతి జాన్సన్‌ను ఆయా ఏళ్ల లీగ్ పక్కనే నిలబెట్టి చూడాలి. 2000లో లీగ్ అంతటా వాక్‌లు పెరిగి, ఒక్కో జట్టు ఆటకు సుమారు మూడు ముప్పావు చొప్పున ఇస్తుండగా, అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు 2.75 ఇచ్చాడు. 1991లో 201 ఇన్నింగ్స్‌కు 152 వాక్‌లు ఇచ్చిన చెయ్యే 2004లో 245 ఇన్నింగ్స్‌కు 44తో సరిపెట్టింది. ఆ ఏడాది మే 18న అట్లాంటా మీద ఇరవై ఏడుగురికి ఇరవై ఏడుగురినీ బేస్ ఎక్కనివ్వకుండా పంపినప్పుడు అతనికి నలభై ఏళ్లు.

అతని అదుపులో అసలు లోపమే లేదని నేననడం లేదు. బంతి ఒంటికి తగిలిన బ్యాటర్‌కు కూడా మొదటి బేస్ ఊరికే వస్తుంది, జాన్సన్ అలా 190 మందిని కొట్టాడు, వాక్‌ల శాతంలో వాళ్లు లెక్కకు రారు. మీ వ్యాసకర్త విమర్శించదలిస్తే ఆ అంకె పట్టుకుని ఉండాల్సింది.

మీరు సవరణ వేస్తే, సీజన్ వారీ పట్టికతో పాటు ఆయా ఏళ్ల లీగ్ సగటు కూడా ఇవ్వమని మనవి. స్థలం చాలకపోతే రెండు వరుసలు చాలు: 1992లో 210 ఇన్నింగ్స్, 144 వాక్‌లు, 1993లో 255 ఇన్నింగ్స్, 99.

ఇట్లు,
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు