డైవింగ్ లాగ్‌బుక్‌కు ఏ సాఫ్ట్‌వేర్?

సంపాదకులకు నమస్కారం.

రుషికొండ తీరంలోనూ, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనూ, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరున్న నేత్రాణి దీవి వద్దా స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్న తెలుగువారు ఇప్పుడు తరచు కనిపిస్తున్నారు. ఈ క్రీడ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు పగడపు దిబ్బల గురించీ, రుసుముల గురించీ వివరంగా చెబుతాయి గానీ ప్రతి డైవ్ తరువాత రాసుకోవలసిన లాగ్‌బుక్ ప్రస్తావనను ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఆ లాగ్‌బుక్ కాగితం వదిలి ఫోన్‌లోకీ కంప్యూటర్‌లోకీ చేరుతోంది కనుక, దానికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. మనం అందులో దాచుకున్న వివరాలను ఆ సాఫ్ట్‌వేర్ ఏ లోపమూ లేకుండా, మరో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో తిరిగి మన చేతికి ఇస్తుందా, లేదా? రంగురంగుల గ్రాఫులు, పటాలు, చేపల బొమ్మలు, స్నేహితులతో పంచుకునే సౌకర్యాలు ఆ తరువాతి మాట.

లాగ్‌బుక్‌ను జ్ఞాపకాల పుస్తకంగా మాత్రమే చూసేవారికి ఇది అతి జాగ్రత్తగా తోచవచ్చు. అయితే డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడి (PADI) సంస్థ పద్ధతిలో, ఇతరుల డైవ్‌లను నడిపించే స్థాయి అయిన డైవ్‌మాస్టర్ కోర్సులో చేరడానికి 40 డైవ్‌లు, పూర్తి చేయడానికి 60 డైవ్‌లు, ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవడానికి 100 డైవ్‌లు లెక్క చూపాలి. సెలవులు దొరికినప్పుడు మాత్రమే సముద్రానికి వెళ్లే హైదరాబాద్ ఉద్యోగికి ఆ సంఖ్య చేరడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోపల ఫోన్ రెండు మూడుసార్లు మారుతుంది, నీళ్లలో లోతునూ సమయాన్నీ కొలవడానికి ఒంటికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ మారవచ్చు, యాప్ నడిపే సంస్థ విధానమూ మారవచ్చు. సుంటో కంపెనీ మూవ్స్‌కౌంట్ అనే తన వెబ్ సేవను మూసివేసి వాడుకరులను వేరే యాప్‌కు తరలించిన సంగతి డైవింగ్ చేసేవారికి తెలిసిందే. ఇంతకంటే గట్టి కారణం ఆరోగ్యానికి సంబంధించినది. డీకంప్రెషన్ జబ్బు (పైకి వచ్చేటప్పుడు పీడనం తగ్గి ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) లక్షణాలు కనిపించినవారిని పరీక్షించే వైద్యుడు గత రెండు మూడు రోజుల్లో ఎంత లోతుకు ఎన్నిసార్లు దిగారు, మధ్యలో ఎంతసేపు పైన ఉన్నారు, పైకి ఎంత వేగంగా వచ్చారు అని అడుగుతాడు. విమానం ఎక్కే ముందు కూడా ఈ లెక్క కావాలి: డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ (DAN) సంస్థ సూచన ప్రకారం, పైకి వచ్చేటప్పుడు డీకంప్రెషన్ కోసం తప్పనిసరిగా ఆగే అవసరం లేని ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి.

ఈ అవసరాలన్నిటికీ తేదీ, ప్రదేశం, గరిష్ఠ లోతు, నిమిషాలు రాసుకుంటే చాలదా అని అడగవచ్చు. కొంతవరకు చాలు. కానీ డైవ్ కంప్యూటర్ కొన్ని సెకన్లకొకసారి లోతును నమోదు చేస్తూ పోతుంది. ఆ వరుసనే ప్రొఫైల్ అంటారు. దాని విలువ తెలియాలంటే గాలి వాడకం లెక్క ఒక్కటి చూడండి. 11 లీటర్ల సిలిండర్‌తో, అందులో పీడనం 200 బార్లు (బార్ అంటే పీడనం కొలత) ఉండగా దిగి, 40 నిమిషాల తరువాత 60 బార్లతో పైకి వచ్చారనుకుందాం. ఖర్చయినది 140 బార్లు, అంటే సుమారు 1540 లీటర్ల గాలి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఇంచుమించు ఒక బార్ చొప్పున పీడనం పెరుగుతుంది కనుక, సగటు లోతు 12 మీటర్లయితే, ఉపరితలం మీద ఉండే ఒక బార్‌తో కలిపి చుట్టూ ఉన్న పీడనం 2.2 బార్లు. ఆ ప్రకారం ఉపరితలం లెక్కలో నిమిషానికి 17.5 లీటర్ల గాలి పీల్చినట్టు. సగటు లోతు తెలియక, చేతిరాతలో ఉన్న 18 మీటర్ల గరిష్ఠ లోతుతోనే భాగిస్తే ఇదే డైవ్‌కు 13.75 లీటర్లు వస్తుంది. మనిషి తాను గాలిని ఎంతో పొదుపుగా వాడుతున్నానని మురిసిపోతాడు. ఆ అంకెను నమ్ముకుని తరువాతి డైవ్‌లో 25 మీటర్ల దగ్గర 20 నిమిషాలు ఉండాలని ప్రణాళిక వేసుకుంటే, అదే సిలిండర్‌లో అనుకున్నదాని కంటే 24 బార్ల దాకా ఎక్కువ ఖర్చవుతుంది. సేఫ్టీ స్టాప్‌కూ (పైకి వచ్చే ముందు కొద్ది లోతులో కాసేపు ఆగడం) అత్యవసరానికీ ఉంచుకోవలసిన గాలి నుంచే ఆ 24 బార్లు పోవాలి. సగటు లోతు ప్రొఫైల్ నుంచి వస్తుంది కనుక, ప్రొఫైల్‌ను వదిలేసి నాలుగు అంకెలను మాత్రమే ఉంచే యాప్‌ను నేను పూర్తి లాగ్‌బుక్‌గా లెక్కించను.

డైవ్ కంప్యూటర్ తయారుచేసే కంపెనీలు తమ యాప్‌లను ఉచితంగానే ఇస్తాయి. షియర్‌వాటర్ క్లౌడ్, గార్మిన్ డైవ్ వంటివి తమ పరికరాలతో చక్కగా పనిచేస్తాయి, వాటితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. చిక్కు రెండో పరికరం వేరే కంపెనీది కొన్నప్పుడు వస్తుంది. శిక్షణ సంస్థల యాప్‌లది మరో తీరు: అవి ధ్రువపత్రాలకూ, కోర్సులకూ ముడిపడి ఉంటాయి, కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి అవే సహజంగా చేతికి వస్తాయి. వాటిని వాడుకోవచ్చు గానీ, ఉన్న ఒకే ఒక్క ప్రతిని అక్కడే ఉంచడం వివేకం అనిపించుకోదు.

నేను సిఫారసు చేసేది సబ్‌సర్ఫేస్ అనే సాఫ్ట్‌వేర్. దీన్ని 2011లో మొదలుపెట్టినవారు లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్. ఆయన స్వయంగా డైవర్. ఆ ఏడాది శరదృతువులో కెర్నెల్ (లినక్స్ మూలభాగం) పనికి అనుకోకుండా విరామం రావడంతో, లినక్స్ మీద నడిచే మంచి డైవ్ లాగ్ లేదన్న చికాకును ఈ విధంగా తీర్చుకున్నారు. తరువాత డర్క్ హోండెల్ దాని నిర్వహణ చేపట్టారు. ఇది ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం. విండోస్, మాక్, లినక్స్‌లతో పాటు ఆండ్రాయిడ్, ఐఫోన్లలోనూ నడుస్తుంది. లిబ్‌డైవ్‌కంప్యూటర్ అనే బహిరంగ లైబ్రరీ (ఇతర సాఫ్ట్‌వేర్లు వాడుకోగల కోడ్) ఆధారంగా అనేక కంపెనీల పరికరాల నుంచి డైవ్‌లను నేరుగా దించుకుంటుంది. దీని లోపాలు కూడా చెప్పాలి: తెర నిండా అంకెలూ గీతలూ కనిపించడంతో కొత్తవారు బెదురుతారు, ఫోన్ రూపంలో కంప్యూటర్‌లో ఉన్నన్ని సౌకర్యాలు లేవు. విండోస్‌లో డైవింగ్ లాగ్ అనే సాఫ్ట్‌వేర్, ఆపిల్ కంప్యూటర్లలో మాక్‌డైవ్ డబ్బు పెట్టి కొనుక్కునేవే అయినా చాలాకాలంగా వాడుకలో ఉన్నవి. వాటి అమరికే నచ్చినవారు కొనుక్కుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

ఏది ఎంచుకున్నా ఎక్స్‌పోర్ట్ మెనూ తెరిచి చూడాలి. అక్కడ పీడీఎఫ్ ఒక్కటే ఉంటే అది అచ్చు వేసుకోవడానికి పనికొస్తుంది గానీ మరో సాఫ్ట్‌వేర్‌లోకి ప్రొఫైల్‌ను ఎక్కించడానికి పనికిరాదు. సీఎస్‌వీ (వరుసలుగా రాసిన పట్టిక ఫైలు) ఉంటే కొంత మెరుగు. అయితే చాలాచోట్ల డైవ్‌కు ఒక్క వరుస మాత్రమే రాసి, మధ్యలోని లోతుల వివరాలను విడిచిపెడతారు. డైవింగ్ వివరాల కోసమే రూపొందించిన యూడీడీఎఫ్ అనే బహిరంగ ఫార్మాట్ ఉంటే నిశ్చింత. ఆ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చదువుకోవచ్చు. అందులో ఉష్ణోగ్రతలు కెల్విన్‌లో ఉంటాయి కాబట్టి, 28 డిగ్రీల నీళ్లు 301.15గా కనిపించినప్పుడు కంగారు పడనక్కర్లేదు.

ఇంటర్నెట్ లేకుండా యాప్ పనిచేస్తుందో లేదో ఇంటి దగ్గరే విమానం మోడ్‌లో పరీక్షించడం మంచిది. చెన్నై నుంచి అండమాన్‌కు వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక దీవుల్లో పరిస్థితి మెరుగుపడిందన్నది నిజమే గానీ, డైవింగ్ పడవ మీద సిగ్నల్‌ను నమ్ముకోలేము. పరికరంలోని గడియారాన్ని కూడా సరిచూసుకోవాలి: మాల్దీవుల సమయం మనకంటే అరగంట వెనుక, థాయ్‌లాండ్ గంటన్నర ముందు. ఒకే యాత్రలో రెండు పరికరాలు రెండు సమయాలు చూపిస్తే సాఫ్ట్‌వేర్ ఒకే డైవ్‌ను రెండుగా లెక్కించవచ్చు. బరువులు ఎన్ని కిలోలు కట్టుకున్నారు, ఏ మందం సూట్ వేసుకున్నారు అన్నవి ఏ పరికరమూ నమోదు చేయదు, వాటిని అప్పటికప్పుడే రాసుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ముద్ర ఉన్న కాగితం పుస్తకాన్ని కూడా పారేయవద్దని నా మనవి. దాని పేజీలను ఫొటో తీసి ఫైళ్ల పక్కన దాచుకోవచ్చు.

చివరగా శిక్షణ కేంద్రాల నిర్వాహకులకు ఒక విజ్ఞప్తి. నేర్చుకోవడానికి వచ్చినవారిలో ఎక్కువమంది సొంత డైవ్ కంప్యూటర్ లేక కేంద్రం ఇచ్చినదే కట్టుకుని దిగుతారు. వారి మొదటి డైవ్‌ల ప్రొఫైళ్లు ఆ పరికరంలోనే ఉండిపోయి, దాని మెమరీ నిండగానే తరువాతివారి డైవ్‌ల కింద చెరిగిపోతాయి. బ్లూటూత్ ఉన్న పరికరమైతే వాటిని దించడానికి కొద్ది నిమిషాలు చాలు. కోర్సు ముగిసిన రోజున ధ్రువపత్రంతో పాటు ఆ ఫైళ్లను కూడా అభ్యాసకుడి ఈమెయిల్‌కు పంపే ఏర్పాటు చేయాలి. అందరికీ వీలుకాకపోతే అడిగినవారికైనా కాదనకుండా ఇవ్వాలి. అభ్యాసకులు కూడా పరికరాన్ని తిరిగి అప్పగించే ముందే ఈ మాట అడగాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం.