కాళ్ల పట్టుతోనే మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారాలు.

మన అనంతపురంలో కుస్తీ, జూడో నేర్చిన పిల్లలు కొందరు ఇప్పుడు నేల మీద పట్లతో ప్రత్యర్థిని లొంగదీసే బ్రెజిలియన్ జియు-జిత్సు వైపు వస్తున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే కోవకు చెందిన జు-జిత్సుకు చోటు దక్కింది కనుక ఈ ఆసక్తి సంతోషకరమే. అయితే శిక్షణలో మెడ పట్లు, చేతి మడతలు ముందు నేర్పి, కాళ్ల పనిని వెనక్కి నెట్టడం నాకు సరిగా తోచడం లేదు.

కుస్తీలో భుజాలు రెండూ నేలకు అదిమితే ఓటమి. జియు-జిత్సులో మాత్రం వెల్లకిలా పడినవాడు కాళ్లతో ప్రత్యర్థిని అదుపులో పెట్టే 'గార్డ్' నుంచే ఆటను నడిపించగలడు. క్లోజ్డ్ గార్డ్‌లో ప్రత్యర్థి నడుము చుట్టూ కాళ్లు వేసి, వీపు వెనక మడమలు మెలేసి ఊరుకుంటే చాలదు. మోకాళ్లను తన ఛాతీ వైపు లాక్కుంటూ అతణ్ణి ముందుకు వంచాలి, లేకుంటే అతడు నడుము నిటారుగా నిలిపి పట్టు విడిపించుకుంటాడు. పట్టు విడిపోయిన మరుక్షణం ఒక పాదం అతని తుంటిపై ఆనించి దూరం కాపాడుకోవాలి, రెండో పాదాన్ని అతని మోకాలి వెనక కొక్కెంలా తగిలించాలి, తన నడుమును కాస్త పక్కకు తిప్పుకోవాలి. ఈ మూడూ కలిసి జరగకపోతే ప్రత్యర్థి కాళ్లను దాటేస్తాడు, అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు సమాఖ్య నిబంధనల ప్రకారం 3 పాయింట్లు పొందుతాడు. కింది నుంచి అతణ్ణి తిరగేస్తే మనకు వచ్చేవి 2.

కాబట్టి శిక్షకులు ప్రతి తరగతిలో కొంతసేపైనా చేతులు వాడనివ్వకుండా, కాళ్లతోనే గార్డ్ నిలుపుకునే సాధన చేయించాలని కోరుతున్నాను. పాదం ఇరుక్కుపోయినప్పుడు మోకాలిని బలవంతంగా మెలితిప్పకుండా, వెంటనే ప్రత్యర్థినో నేలనో చేత్తో తట్టి ఆట ఆపమని చిన్నపిల్లలకు తొలిరోజే చెప్పాలి.

— ఒక క్రీడాభిమాని, అనంతపురం