ఏ వయసులోనైనా బ్రెజిలియన్ జియు జిట్సు

సభ్యులందరికీ నమస్కారం.

నిన్న మన విజయనగరం అయోధ్య మైదానంలో నడక ముగిశాక, యాభై దాటినవారు జియు జిట్సు అనే కుస్తీ విద్య నేర్చుకోగలరా అని కొందరు పెద్దలు అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇందులో పిడిగుద్దులు, తన్నులు ఉండవు. నేలమీద పట్లు, కీళ్ల బిగింపులే ప్రధానం కనుక బలం తక్కువైనవారు కూడా ఒడుపుతో నెగ్గుకురాగలరు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు సాము చేసిన మన ఊళ్లో పట్ల గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు. ఈ విద్యను తీర్చిదిద్దిన వారిలో ఒకరైన హీలియో గ్రేసీ 95 ఏళ్లు జీవించారు.

నా మట్టుకు నాకు మొదటి నెలంతా వెల్లకిలా పడుకుని, ఒక పాదం నేలకు ఆన్చి, తుంటిని పక్కకు జరపడంతోనే సరిపోయింది. మా మనవడు చూసి ఒకటే నవ్వు. అయితే గడ్డాన్ని ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా పడడం అప్పుడే పట్టుబడింది. స్నానాల గదిలో జారిపడతామన్న భయం ఉన్న మన వయసువారికి ఇంతకంటే పనికొచ్చే విద్య ఉందనుకోను. పట్టు బిగిసినప్పుడు ఎదుటివారిని రెండుసార్లు తడితే వారు వెంటనే వదిలేయాలన్నది నియమం. అలా తట్టడానికి మొహమాటపడేవారికే, ముఖ్యంగా కుర్రవాళ్లకు, ఎక్కువగా దెబ్బలు తగులుతాయి.

మోకాలి నొప్పి, వెన్నునొప్పి ఉన్నవారు ముందుగా వైద్యులను సంప్రదించి, గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు ఇంట్లోనే ఉంచి సాధనకు రావలసిందిగా మనవి.