వీసా మెడికల్‌కు ముందు పిల్లల టీకా కార్డు చూడండి

సంపాదకులకు,

అమెరికాలో స్థిరపడేందుకు ఇచ్చే ఇమ్మిగ్రెంట్ వీసాకు వెళ్లే కుటుంబాలు ఇంటర్వ్యూ కాగితాలన్నీ నెలల ముందే సర్దుకుంటాయి. పిల్లల టీకా కార్డును మాత్రం మెడికల్‌కు, అంటే వీసా కోసం చేసే వైద్య పరీక్షకు, ముందురోజు బీరువాలో వెతుకుతాయి. చాలా ఆలస్యాలకు మూలం అదే.

మన ప్రభుత్వ టీకాల పట్టిక మంచిదే గానీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టికతో పూర్తిగా కలవదు. పీహెచ్‌సీలో వేసే ఎంఆర్ టీకా తట్టుకు, రుబెల్లాకు పనికొస్తుంది. గవదబిళ్లలకు కాదు. వాళ్లు అడిగేది ఈ మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్. పైగా ఏడాది నిండకముందు వేసిన డోసు లెక్కలోకి రాదు. తొమ్మిదో నెలలో ప్రైవేటుగా ఎంఎంఆరే వేయించినా అంతే. ఆటలమ్మ టీకా ప్రభుత్వ పట్టికలో లేనే లేదు. ఆటలమ్మ వచ్చి తగ్గిన పిల్లలైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, టీకా అక్కర్లేకపోవచ్చు.

ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ సజీవ టీకాలు, అంటే బలహీనపరిచిన వైరస్‌తో చేసినవి. ఒకే రోజు వేయించాలి, లేదా మధ్యలో 28 రోజులు ఆగాలి. ఒక్కరోజే రెండు సూదులెందుకని వారం ఆగి రెండోది వేయిస్తే అది చెల్లదు, బిడ్డ మళ్లీ పొడిపించుకోవాల్సిందే. పదమూడేళ్ల లోపు వారికి ఆటలమ్మ రెండు డోసుల మధ్య మూడు నెలల ఎడం కావాలి. అయితే అన్ని డోసులూ పూర్తయ్యేదాకా వీసా ఆపరు. ఆ రోజుకు వేయదగ్గ డోసు పడితే చాలు, మిగతా వాటికి వ్యవధి చాలలేదని రాసి పంపుతారు.

అసలు చిక్కు టీబీ పరీక్షది. మన దేశం నుంచి వెళ్లే 2 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇగ్రా అనే రక్తపరీక్ష, 15 నిండితే ఛాతీ ఎక్స్‌రే. చేతి మీద సూదితో చేసే పాత మాంటూ పరీక్ష 2018 అక్టోబరు నుంచి పనికిరాదు. ఇగ్రా పాజిటివ్ వస్తే ‘చిన్నప్పుడు బీసీజీ వేయించాం, అందుకే’ అని సర్దిచెప్పుకుంటారు. టీబీ టీకా అయిన బీసీజీ ప్రభావం మాంటూ మీద ఉంటుంది, ఇగ్రా మీద ఉండదు. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే తీస్తారు. అది మామూలుగా ఉండి లక్షణాలేవీ లేకపోతే ప్రయాణం ఆగదు. అనుమానం ఉంటేనే మూడు కఫం నమూనాలు. కఫం తీయలేని చిన్నపిల్లలకు పొద్దున్నే ఖాళీ కడుపున గొట్టంతో జీర్ణరసం తీస్తారు. ఆ నమూనాల్లో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది, టికెట్లు అప్పటికే కొనేసి ఉంటే ఆ డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. సజీవ టీకా వేసిన కొద్దిరోజులకే ఇగ్రా చేస్తే తప్పుడు నెగెటివ్ రావచ్చు. రక్తం తీసిన రోజే టీకా వేయించవచ్చు, ముందే వేయించి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. అందుకే మెడికల్‌కు కనీసం ఆరు వారాల ముందు కార్డు పిల్లల డాక్టరుకు చూపించి లోటు పూడ్చుకోవడం మేలు. మెడికల్ మాత్రం మరీ ముందుగా వద్దు. మామూలుగా అది ఆరు నెలలే చెల్లుతుంది, వీసా గడువు కూడా దాన్ని దాటదు.

హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లే పిల్లలకు ఈ మెడికల్ లేదు. అక్కడ గ్రీన్‌కార్డుకు మారేటప్పుడు ఐ-693 అనే వైద్య పరీక్ష ఫారంతో సివిల్ సర్జన్ (ఈ పరీక్షకు అమెరికా ప్రభుత్వం గుర్తించిన అక్కడి డాక్టరు) దగ్గర దాదాపు ఇదే తంతు, కాబట్టి అసలు కార్డు వెంట ఉండాలి. కెనడా, ఆస్ట్రేలియా నియమాలు వేరు. అక్కడ ఎక్స్‌రే 11 ఏళ్లకే మొదలు. ఒక దేశానికి వెళ్లినవారి సలహా మరో దేశానికి పనికిరాదు.

ఫిట్స్, ఉబ్బసం, ఎదుగుదల లోపం ఉన్న పిల్లలకు మందుల చీటీలు, పాత రిపోర్టులు తీసుకెళ్లాలి. దాచిపెడితే పని ఇంకా ఆలస్యమవుతుంది.

కార్డు పోయినవారి ఇబ్బంది వేరు. రోజు, నెల, సంవత్సరం లేకుండా ‘అన్ని టీకాలూ వేశాం’ అని లెటర్‌హెడ్ మీద రాసిన కాగితం చెల్లదు. చాలామంది పిల్లల తేదీలు ఏఎన్‌ఎంల పాత రిజిస్టర్లలో ఉంటాయి. వాటి నుంచి ముద్ర వేసిన నకలు ఇవ్వాలని పీహెచ్‌సీలకు రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఒక సర్క్యులర్ పంపితే, వేసిన టీకాలే పిల్లలకు మళ్లీ వేయించే అవసరం చాలావరకు తప్పుతుంది.

– ఒక పిల్లల వైద్యురాలు, హన్మకొండ